రేపల్లెలో లేని పురుగు

"అమ్మీ, ఆ కొమ్మ ముట్టుకోకు!"

సుమయా పెట్టిన కేకకి పర్వీన్ చేతిలోని తడి చొక్కా కాస్తా మట్టిలో పడింది.

"ఏంటే? పామా?" ఆమె గబుక్కున రెండడుగులు వెనక్కి వేసింది.

"పాము కాదు, పురుగు. నిద్రపోతోంది."

బట్టలు ఆరేసే తీగకి అడ్డం వస్తోందని కొమ్మని పక్కకి వంచబోయిన పర్వీన్, నడుం మీద చెయ్యి పెట్టుకుని కూతురి వైపు చూసింది. నిమ్మచెట్టు కింద గోనెసంచి పరుచుకుని, దాని మీద వెల్లకిలా పడుకుని, కంటికి భూతద్దం ఆనించుకుని ఉంది సుమయా. జడలో ఎండుటాకులు. మోచేతి మీద ముల్లు గీరుకున్న గుర్తు.

"నీ పురుగు నిద్ర కోసం మీ నాన్న చొక్కా నేను రెండోసారి ఉతకాలా? లే! నువ్వే జాడించు."

సుమయా లేచి చొక్కా జాడించింది. ఆరేసేటప్పుడు మాత్రం ఆ కొమ్మ దరిదాపులకి పోలేదు.

సుమయా వాళ్ళది తెనాలి. వాళ్ళ నాన్న మస్తాన్ వలికి నిమ్మకాయల మార్కెట్లో చిన్న కొట్టుంది. ఇంట్లో పొద్దస్తమానం నిమ్మకాయల మాటే. అయినా కాయ మీద మచ్చ గురించి మాట్లాడుకున్నారు గానీ, ఆకు మీద గీత గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ గీతని మొదట పట్టించుకున్నది సుమయానే.

సుమయా ఆరో తరగతి. సైన్సు చెప్పే హైమావతి టీచర్, ఇద్దరేసి పిల్లలు కలిసి ఏదో ఒక పురుగుని ఎంచుకుని, అది ఎలా పెరుగుతుందో చూసి రమ్మంది. ఒకళ్ళు జిల్లేడాకు మీది చారల గొంగళిని తెచ్చారు. ఇంకొకళ్ళు పుచ్చొంకాయ తెచ్చారు. ఒకబ్బాయి జామెట్రీ బాక్సులో బొద్దింకని తెచ్చి, మూత తెరిచి, క్లాసంతా బెంచీలెక్కేలా చేశాడు.

సుమయా, ఆమె స్నేహితురాలు బిందుమాధవి నిమ్మాకు తెచ్చారు.

లేత ఆకు. దాని మీద వెండి రంగు స్కెచ్ పెన్నుతో ఎవరో పిచ్చిగీతలు గీసినట్టు ఒకటే మెలికలు. ఆ వెండి దారి మధ్యలో సన్నటి నల్ల గీత. దారి చివర, ఆకు పొర కింద, పసుపుపచ్చగా కదులుతున్న చిన్న నలుసు.

"ఆకు లోపల ఉంది టీచర్!" అంది బిందు కళ్ళు పెద్దవి చేసి. "ఎలా దూరిందో తలుపే కనపడట్లేదు."

"తల్లి పురుగు లేతాకు మీద గుడ్డు పెడుతుంది" అంది హైమావతి టీచర్. "పిల్ల గుడ్డులోంచి వస్తూనే ఆకు పైపొర కిందికి దూరిపోతుంది. దుప్పటి కింద దూరి బిస్కెట్లు తినే పిల్లల్లాగా, లోపలే రసం తాగుతూ ముందుకి పాకుతుంది. అది పోయిన దారే మనకి వెండిలా మెరుస్తోంది."

"మరి మధ్యలో ఆ నల్ల గీతేంటి టీచర్?"

"తిన్నది ఎక్కడికి పోతుందమ్మా? లోపల బాత్రూం లేదుగా."

క్లాసంతా ఛీ ఛీ అని నవ్వింది. సుమయా మాత్రం భూతద్దం పెట్టి మళ్ళీ చూసింది.

అలాంటి ఆకులు ఇద్దరూ గుప్పెడు కోసి హార్లిక్స్ సీసాలో వేసి, మూతకి బొక్కలు పెట్టి దాచారు. రెండ్రోజుల్లో ఆకులు వాడి చుట్ట చుట్టుకుపోయాయి. లోపలి నలుసులు కదలడం మానేశాయి. సుమయా సీసా పట్టుకుని టీచర్ దగ్గర కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

"దాని ఇల్లూ ఆకే, దాని అన్నమూ ఆకే" అంది టీచర్. "ఇల్లు కోసి తెచ్చుకుంటే ఎలా బతుకుతుంది? చూడాలంటే మీరే దాని దగ్గరికి వెళ్ళాలి."

అప్పట్నించి సుమయా మకాం నిమ్మచెట్టు కిందే. బిందు బడి అవగానే సైకిలేసుకుని వచ్చేది. పిల్ల పురుగు ఆకంతా గీసి గీసి, కడుపు నిండాక ఆకు అంచుని తన మీదికి మడుచుకుంది. ఆ మడతలో ప్యూపాగా మారి నిద్రపోయింది. పర్వీన్ పాత దోమతెర ముక్కతో చిన్న సంచి కుట్టిచ్చింది. ఆ సంచిని ఆకుకి తొడిగి దారంతో కట్టారు.

చొక్కా మట్టిలో పడిన మర్నాడు పొద్దున్నే సంచిలో ఏదో మెరిసింది.

బిందు పళ్ళు తోముకోకుండా పరిగెత్తుకొచ్చింది. చూసి మొహం చిన్నబుచ్చుకుంది. "ఇదేనా? బియ్యపు గింజలో సగం లేదు. దీని కోసమేనా మనం ఇన్నాళ్ళూ దోమలు కుట్టించుకుంది?"

"భూతద్దంలో చూడవే."

బిందు చూసింది. ఇంక కళ్ళు తిప్పుకోలేదు. వెండి జరీలాంటి రెక్కలు. వాటి అంచున పక్షి ఈకలాంటి కుచ్చు. రెక్కల కొసన, ఎవరో దిష్టిచుక్క పెట్టినట్టు, నల్లటి చుక్క. సీతాకోకచిలుకకి చిట్టి చెల్లెలు.

సంచి విప్పారు. అది ఎగిరిందో, మాయమైందో ఇద్దరికీ తెలియలేదు. కానీ చాలాసేపు గంతులేశారు.

*

"ఎలా పుడుతుందో చూశారు. మరి ఎక్కడెక్కడ ఉంటుందో చూడరా?" అంది హైమావతి టీచర్.

ఆమె గుంటూరు జిల్లా పటం గీసిచ్చింది. "పురుగు కనపడిన ఊరికి ఎర్ర చుక్క పెట్టండి. బాగా వెతికినా కనపడకపోతే పచ్చ చుక్క. అసలు వెళ్ళని ఊరికి ఏమీ పెట్టొద్దు. ఖాళీగా ఉంటే తప్పేం లేదు."

తెనాలికి ఎర్ర చుక్క పడింది. పక్కనే ఉన్న అంగలకుదురుకీ పడింది. బిందు వాళ్ళ పిన్ని ఇల్లు బాపట్లలో. ఆదివారం వెళ్ళి వచ్చి, అక్కడా ఎర్ర చుక్క పెట్టేసింది. "మా పిన్ని చెట్టు మీద అయితే ఒక్కో ఆకు ముగ్గుల పుస్తకమే!" అని గొప్పలు పోయింది.

సుమయాకి ఆగలేదు. తనకి రేపల్లె ఉంది. అక్కడ నానీ, అమ్మ వాళ్ళమ్మ, ఉంది. నానీ ఇంట్లో నిమ్మచెట్టుంది.

తర్వాతి ఆదివారం అమ్మతో కలిసి ప్యాసింజరెక్కింది. రేపల్లె స్టేషన్లో మేనమామ ఫరూక్ కొడుకు మున్నా, తనకన్నా పెద్ద సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పురుగుల కోసం రైలెక్కొచ్చావంటగా?" అన్నాడు పళ్ళన్నీ బయటపెట్టి. "మీ ఊళ్ళో పురుగులు అయిపోయాయా?"

సుమయా సైకిలు వెనక ఎక్కి కూర్చుంది.

నానీ జానీ బీ ఇంటి వెనక, పంపు పక్కన ఉంది ఆ నిమ్మచెట్టు. సుమయా భూతద్దం తీసి కిందా మీదా చూసింది. స్టూలెక్కి చూసింది. ఆకులన్నీ ముదురు పచ్చగా, మందంగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. ఒక్క వెండి గీత కూడా లేదు.

"లేదు!" అంది ఆశ్చర్యంగా.

"ఎందుకుంటుంది? ఇది రేపల్లె" అన్నాడు మున్నా ఛాతీ విరుచుకుని. "మా చెట్లకి పౌరుషం ఎక్కువ."

"చెట్టుకి పౌరుషమేంట్రా?"

"నీకు తెలీదులే. తెనాలి దానివి."

"పిల్లలూ, రండర్రా!" నానీ పిలిచింది. ఫరూక్ సైకిల్ షాపు ఇంటి ముందే. ఎండాకాలమైనా వానాకాలమైనా మధ్యాహ్నం ఆ షాపుకి బకెట్ మజ్జిగ వెళ్ళాల్సిందే. రిపేరుకి వచ్చినవాళ్ళు, దారిన పోయేవాళ్ళు, అందరూ తాగేవాళ్ళే. ఉప్పు, అల్లం, వేళ్ళతో నలిపిన లేత నిమ్మాకులు. ఆ వాసనకే సగం దాహం తీరిపోతుంది. సుమయా రెండు గ్లాసులు తాగి మూతి తుడుచుకుంది.

"ఇంకా వేరేవాళ్ళ చెట్లు కూడా చూడాలి మున్నా" అంది.

"ఈ ఎండలోనా? రా, క్యారమ్స్ ఆడదాం. మా చెట్టుకే లేకపోతే ఎవరి చెట్టుకుంటుంది?"

ఒక్క ఆట అనుకున్నారు. ఆట మీద ఆట పడింది. రైలు టైమైంది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే గాలి మొహానికి కొడుతోంది. పెదాలు తడుపుకుంటే ఉప్పగా తగిలింది. భట్టిప్రోలు దాటేసరికి సుమయా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. రేపల్లెకి సముద్రం దగ్గర. ఉప్పుగాలి! ఉప్పుగాలికే పురుగు రావట్లేదు!

మర్నాడు బిందుకి చెప్పింది. బిందు కాసేపు ఆలోచించింది. "మరి బాపట్లకి సముద్రం ఇంకా దగ్గర కదే? మా పిన్నివాళ్ళు సాయంత్రం ఆటోలో వెళ్ళొచ్చేస్తారు."

"అది వేరే గాలి" అంది సుమయా.

వేరే గాలి ఎలాగో బిందుకి అర్థం కాలేదు. కానీ సుమయా అంత గట్టిగా చెప్పేసరికి ఊరుకుంది.

హైమావతి టీచర్ పటం చూసి మురిసిపోయింది. "రేపల్లెకి పచ్చ చుక్కా! ఇదేదో కొత్త సంగతే. ఎన్ని చెట్లు చూశావు సుమయా?"

ఒకటి అనే మాట సుమయా నాలుక దాకా వచ్చింది. బయటికి మాత్రం వేరే మాట వచ్చింది.

"చాలా చూశాను టీచర్."

అంతలో బెల్లు మోగింది. టీచర్ ఇంకేమీ అడగలేదు.

*

చార్టు అదిరిపోయింది. ఒక పక్క గుడ్డు, పిల్ల పురుగు, ప్యూపా, రెక్కల పురుగు బొమ్మలు. ఇంకో పక్క పటం. ఎర్ర చుక్కల మధ్య రేపల్లె దగ్గర పచ్చ చుక్క చక్కగా వెలుగుతోంది. కింద పెద్దక్షరాలతో బిందు రాసింది: "ఉప్పుగాలి వీచే రేపల్లెలో ఈ పురుగు లేదు!"

బాపట్లలో జరిగే సైన్సు ప్రదర్శనకి ఈ చార్టునే పంపుతున్నామని హెడ్మాస్టరుగారు ప్రేయర్లో చెప్పారు. సుమయా, బిందు అసెంబ్లీ ముందుకెళ్ళి నిలబడ్డారు. చప్పట్లు మోగాయి. మున్నాకి ఫోన్లో చెబితే వాడు వాళ్ళ బళ్ళో అందరికీ టముకు వేశాడు. "మా చెట్టు సైన్సులోకి ఎక్కింది" అని.

ఆ తర్వాత వాయుగుండం పట్టింది. వారం దాటినా ముసురు వదల్లేదు. ఆ ముసుర్లోనే నానీ తెనాలి వచ్చింది. "మనవరాలు పెద్ద సైంటిస్టు అయిందంటగా, చూసిపోదామని" అంటూ చేతిసంచిలోంచి రొట్టెలు తీసింది. ఆ చలిగాలిలో అందరూ టీలే తాగారు.

రేపు ప్రదర్శన అనగా ఎండ కాసింది. ఇల్లంతా చిత్తడి వాసన. ఉతకని బట్టలన్నీ ఒక్కసారే తీగెక్కాయి.

"అమ్మయ్య! ఇవాళ్టికి మజ్జిగ తాగబుద్ధవుతోంది" అని నానీ పెరట్లోకి వెళ్ళింది. వెళ్ళినావిడ ఎంతకీ రాలేదు. సుమయా వెళ్ళి చూస్తే, నిమ్మచెట్టు ముందు నిలబడి సణుగుతోంది.

"ఏంటే మీ చెట్టు? వానకి కొత్త చిగుళ్ళేసింది గానీ ఒక్క లేతాకూ సవ్యంగా లేదు. అన్నీ ముడుచుకుపోయి, గీతలు గీతలు."

"అదే నానీ మా పురుగు!" అంది సుమయా గర్వంగా. "మీ రేపల్లెలో లేదుగా, అందుకే నువ్వు చూడలేదు."

"ఏమోనమ్మా. మా చెట్టుకి లేతాకు ఇంతసేపు ఎక్కడ నిలుస్తుంది? వచ్చింది వచ్చినట్టు నేనే తుంచేస్తానుగా. మీ మామూ షాపుకి బకెట్ మజ్జిగ వెళ్ళాలాయె! ముదురాకు వేస్తే చేదు."

సుమయా ముడుచుకున్న చిగురొకటి వేళ్ళతో విప్పి చూసింది.

తల్లి పురుగు గుడ్లు పెట్టేది లేతాకు మీదే. ఆ మాట చార్టు మీద రాసింది తనే. నానీ చెట్టుకి ఆ రోజు ఒక్క లేతాకు కూడా లేదు. ముదురాకుల మీద గీతల కోసం వెతికింది తను. లేతాకులేమో గ్లాసులో ఉన్నాయి. రెండు గ్లాసులు తాగి, మూతి తుడుచుకుని, పురుగు లేదని చెప్పింది!

"నానీ, నువ్వు ఇక్కడికొచ్చాక ఆకులెవరు తుంచుతున్నారు?"

"ఎవరు తుంచుతారు? మీ అత్తకి టీ పెట్టడానికే తీరదు."

సుమయా లోపలికి పరిగెత్తి నాన్న సెల్‌ఫోను తీసుకుంది.

"మున్నా, మీ చెట్టుకి చిగుళ్ళొచ్చాయా?"

"బోలెడు. వానలకి గుబురుగా వచ్చాయ్. ఏం?"

"వెళ్ళి లేతాకుల మీద చూడు. ఫోను పెట్టొద్దు."

సైకిలు బెల్లు, గిన్నెల చప్పుడు, పంపు కింద నీళ్ళు చిమ్మిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఏమీ వినపడలేదు.

"మున్నా?"

"సుమయా..." వాడి గొంతులో పౌరుషం లేదు. "సన్నగా ఉంది. వెండి గీత. ఇంకో ఆకు మీదా ఉంది."

సుమయా ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"ఏయ్, నేను ఇవన్నీ తుంచి పారేస్తా" అన్నాడు మున్నా ఉన్నట్టుండి. "ఎవరికీ తెలీదు. నువ్వూ చెప్పకు. మా బళ్ళో అందరికీ చెప్పేశాను, ఇప్పుడు నన్ను ఏడిపించి చంపుతారు."

"తుంచకురా" అంది సుమయా. "ఉండనీ."

"మరి చార్టు?"

సుమయా ఫోను కిందికి దించింది. గోడకి ఆనించి, చుట్టి, రబ్బరు బ్యాండు వేసిన చార్టు వైపు చూసింది. హెడ్మాస్టరుగారి చప్పట్లు గుర్తొచ్చాయి. బిందు వాళ్ళ పిన్ని చుట్టుపక్కల వాళ్ళందర్నీ వెంటబెట్టుకుని చూడ్డానికి వస్తానందట. ఆ సాయంత్రం పర్వీన్ వేడివేడిగా కిచిడీ పెట్టినా సుమయా రెండు ముద్దలు కూడా తినలేదు.

*

పొద్దున్న తెనాలి స్టేషన్‌కి బిందు కొత్త రిబ్బన్లతో వచ్చింది. సుమయా ఆమెని పక్కకి లాక్కెళ్ళి అంతా చెప్పేసింది.

"ఇప్పుడా చెప్పేది?" అంది బిందు. "చాలా చెట్లు చూశానన్నావుగా?"

"అబద్ధం చెప్పానే."

"నాక్కూడానా?"

బిందు మొహం తిప్పేసుకుంది. రైలెక్కాక కూడా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. సుమయాకి పురుగు సంగతి కన్నా ఆ తిప్పుకున్న మొహమే ఎక్కువ బాధేసింది. నిడుబ్రోలు దాటాక ఇంక ఉండబట్టలేక హైమావతి టీచర్ పక్కకి వెళ్ళి కూర్చుంది.

"టీచర్, రేపల్లెలో పురుగు ఉందండి. నేను ఒక్క చెట్టే చూశాను. చాలా చూశానని అబద్ధం చెప్పాను."

మజ్జిగ సంగతి, మున్నా ఫోను సంగతి, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పక్కనించి పల్లీలమ్మే అతను రెండుసార్లు అరుచుకుంటూ వెళ్ళాడు.

"నేను ఆ రోజు ఇంకో ప్రశ్న అడగాల్సింది" అంది టీచర్ చివరికి. "బెల్లు మోగిందని ఊరుకున్నాను. సరే. చార్టు మీ ఇద్దరిదీ. ఏం చేస్తారో మీరే చెప్పండి."

బిందు ఇటు తిరగకుండానే అంది. "కింద రాసినదాని మీద తెల్లకాగితం అతికిద్దాం. ఎవరికీ తెలీదు."

"అతికిస్తే మనం ఎందుకు పొరపాటు పడ్డామో ఎలా చెప్తాం?" అంది సుమయా. "కొట్టేద్దాం. కనపడేలాగే."

"చార్టు చెత్తగా ఉంటుంది."

"ఉండనీ."

బిందు ఇటు తిరిగింది. తర్వాత సంచి తెరిచి ఎర్ర స్కెచ్ పెన్ను తీసింది. "నేను కొట్టను. అంత కష్టపడి రాశాను. నువ్వే కొట్టు." కాసేపాగి, చార్టు ఊగకుండా రెండో కొస తనే పట్టుకుంది.

రైలు ఊగుతోంది. పచ్చ చుక్క మీదా, రేపల్లె వాక్యం మీదా కొట్టివేత వంకరటింకరగా వచ్చింది.

ప్రదర్శన హాల్లో వాళ్ళ పక్క బల్ల మీద అగ్నిపర్వతం. గంటకోసారి ఎర్రటి నురగ కక్కుతోంది. జనమంతా అక్కడే. బిందు వాళ్ళ పిన్ని కూడా నాలుగుసార్లు అటే వెళ్ళింది.

జడ్జీగా వచ్చినావిడ పేరు ప్రమీలారాణి. పురుగుల మీద పరిశోధన చేసే మనిషి. ఆవిడ చార్టు ముందు వంగి చూసింది. "ఇదేంటమ్మా, ఇంత చక్కగా రాసి కొట్టేశారు?"

సుమయా ఒకడుగు ముందుకి వేసింది. "అది తప్పండి. రేపల్లెలో లేదని రాశాం గానీ ఉందండి. నేను లేతాకులు చూడకుండానే లేదనేశాను."

"మరి లేతాకులు ఎందుకు చూడలేదు?"

"చెట్టుకి లేవండి."

"ఏమయ్యాయి?"

సుమయా నేల చూపులు చూసింది. "తాగేశామండి."

ఆవిడకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా బిందు చెప్పింది. నానీ చెట్టు, సైకిల్ షాపు, బకెట్ మజ్జిగ, రెండు గ్లాసులు. వింటూ వింటూ ప్రమీలారాణిగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. అగ్నిపర్వతం దగ్గరి జనం ఏంటా అని ఇటు తిరిగారు.

"అంటే గుడ్లు కూడా తాగామాండి?" అడిగింది సుమయా భయంభయంగా.

"తాగే ఉంటారు. మీ నానీ ఆకులు కడిగి వేస్తుందిగా? ఏం కాదులే" అంటూ ఆవిడ పటం మీద వేలు పెట్టింది. "ఇది మన వైపు పుట్టిన పురుగే. ఇక్కడి నుంచి మొక్కలతో పాటు సముద్రాలు దాటి ఆస్ట్రేలియా వెళ్ళింది, అమెరికా కూడా వెళ్ళింది. అంత ఉప్పు దాటినదాన్ని రేపల్లె గాలి ఆపుతుందంటే నేనూ నమ్మేదాన్ని కాదు. కానీ మజ్జిగ బకెట్ ఆపుతుందని నాకు ఇవాళే తెలిసింది."

పిల్లలిద్దరూ మొహాలు చూసుకున్నారు. బిందు ముందు నవ్వింది.

"అయితే ఇప్పుడు రేపల్లెకి ఎర్ర చుక్క పెట్టేయొచ్చాండి?" అంది బిందు.

"ఒక చెట్టుకి తెలిసింది. మిగతా చెట్ల సంగతి?" అంది ఆవిడ. "ఏ చెట్టు మీద ఉందో, ఏ చెట్టు మీద లేదో, దాని లేతాకులు ఎవరైనా తుంచుతున్నారో చూసి నాకు రాసి పంపిస్తారా?"

మొదటి బహుమతి అగ్నిపర్వతానికి వచ్చింది. రెండోది కూడా వీళ్ళకి రాలేదు. అయినా తిరుగు రైల్లో వీళ్ళ గోలకి పై బెర్తు మీద పడుకున్న పెద్దాయన లేచి కూర్చున్నాడు. రేపల్లెకి ఎప్పుడెళ్ళాలి, ఏ వీధితో మొదలెట్టాలి అని ఒకటే వాదన. హైమావతి టీచర్ ఆ పెద్దాయనకి సారీ చెప్పి, పల్లీల పొట్లం ఇచ్చింది.

*

ఆదివారం రేపల్లెలో ముగ్గురూ వీధిన పడ్డారు. మున్నా సైకిలు నడిపించుకుంటూ ముందు, సుమయా, బిందు వెనక.

"బళ్ళో ఏడిపించారా?" అడిగింది సుమయా.

"ఏడిపించబోయారు. మా రేపల్లె పురుగులు తెనాలి పురుగులకన్నా గడుసువి, మా నాయనమ్మకి కూడా దొరకలేదని చెప్పా. నోరు మూసుకున్నారు."

ప్రతి గుమ్మం ముందూ సుమయానే పిలిచేది. "అక్కా, మీ నిమ్మచెట్టు ఒకసారి చూస్తామండి." "తాతగారూ, లేతాకులు మీరేమైనా తుంచుతారాండి?" కొందరు లోపలికి రమ్మన్నారు. ఒకావిడ పిల్లలకి జామకాయలిచ్చింది. ఇంకొకాయన పురుగుని చూపించమని తనే భూతద్దం లాక్కుని, తిరిగివ్వడానికి చాలాసేపు ఒప్పుకోలేదు. ఉన్న చెట్టుకి ఎర్ర చుక్క పెట్టారు. ఒకచోట కనపడకపోతే, చిగుళ్ళు వచ్చాక మళ్ళీ వస్తామని చెప్పి ఖాళీగా వదిలారు.

వీధి చివరి ఇంటికి తాళం వేసి ఉంది. గోడ మీద నించి నిమ్మచెట్టు తల మాత్రం కనపడుతోంది.

"ఎర్ర చుక్క పెట్టేయ్" అన్నాడు మున్నా చెమట తుడుచుకుంటూ. "చుట్టూ అన్ని ఇళ్ళల్లో ఉంది. ఇక్కడ లేకుండా పోతుందా?"

"ఉండే ఉంటుంది" అంది బిందు కూడా. ఆమెకి కాళ్ళు పీకుతున్నాయి.

సుమయా పెన్ను మూత తీసింది. గోడ వైపు చూసింది. మూత మళ్ళీ పెట్టేసి పక్కింటి గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"పిన్నిగారూ, వీళ్ళు ఎప్పుడొస్తారండి?"

"పెళ్ళికెళ్ళారమ్మా. మూడు గంటల బస్సుకి దిగుతామన్నారు. ఏం పని?"

"చెట్టు చూడాలండి."

"చెట్టా?" ఆవిడ వింతగా చూసింది. "అందాకా ఉంటారా?"

"ఉంటామండి" అంది సుమయా. వచ్చి, తాళం వేసిన గుమ్మం ముందు మెట్టు మీది దుమ్ము చేత్తో తుడిచి, మిగతా ఇద్దరికీ చోటు వదిలి కూర్చుంది.